ప్రమాదకరమైన పనులకు విధానపత్రాలు, చెక్‌లిస్టులు రాయడం ఎలా: డెల్టాలోని మిల్లులు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్ల కోసం సమగ్ర మార్గదర్శి

భీమవరం, పాలకొల్లు పరిసరాల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోని సూపర్‌వైజర్లు, మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల వారు, తీరం వెంబడి ఐస్ ఫ్యాక్టరీలు నడిపేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "భద్రతా పత్రాలు మా దగ్గర ఫైలు నిండా ఉన్నాయండి, కాని పని జరిగే చోట వాటిని ఎవరూ తెరవరు. నిజంగా వాడేలా రాయాలంటే ఎలా?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం.

ఇందులో మొదటి నుంచి చివరి వరకు ఒకే సూత్రం ఉంటుంది. ప్రతి ప్రమాదకరమైన పనిలోనూ, వేసిన తరువాత వెనక్కి తీసుకోలేని అడుగు ఒకటో రెండో ఉంటాయి: డ్రైన్ వాల్వు తెరవడం, గుంటలోకి దిగడం, ధాన్యాన్ని పైకి మోసే, ఆ క్షణానికి ఆగి ఉన్న ఎలివేటర్‌లో చెయ్యి పెట్టడం. సరిగ్గా ఆ అడుగుకు ముందు మనిషిని ఒక్క నిమిషం ఆపడమే చెక్‌లిస్టు చేయవలసిన పని. ఆ అడుగు దాటిన తరువాత నింపిన కాగితం ఎంత చక్కగా ఉన్నా ఎవరినీ కాపాడలేదు.

1. ఏ పనులకు రాయాలో ముందుగా తేల్చుకోండి

ప్రతి పనికీ పత్రం రాస్తే ఏ పత్రానికీ విలువ ఉండదు. కింది మూడు ప్రశ్నలలో మొదటిదానికి "అవును" అయితే పత్రం తప్పనిసరి. మొదటిదానితో పాటు మిగిలిన రెండింటిలో ఒకటైనా "అవును" అయితే ఆ పనితోనే మొదలుపెట్టండి.

☐ ఈ పనిలో ఒక తప్పు జరిగితే ప్రాణం పోవచ్చా, లేదా శాశ్వతమైన అంగవైకల్యం కలగవచ్చా?
☐ ఇది అరుదుగా జరిగే పనేనా? నెలకోసారి, సీజనుకోసారి చేసే పనిలో వరుస మరిచిపోవడం సహజం.
☐ పని మధ్యలో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతుందా? షిఫ్టు మార్పు, ఎలక్ట్రీషియన్ నుంచి ఫిట్టర్‌కు, ఫిట్టర్ నుంచి ఆపరేటర్‌కు అప్పగింత ఇలాంటివే.

మన ప్రాంతంలో ఈ పరీక్షకు నిలిచే పనులు చాలావరకు ఇవే: అమ్మోనియా ప్లాంటులో ఆయిల్ తీయడం, చెరువులో ఏరియేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) మరమ్మతు, వ్యర్థజలాల ట్యాంకులోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగడం, ధాన్యం బిన్నులోకి దిగడం, జామ్ అయిన ఎలివేటర్ బూటు (అడుగు భాగం) శుభ్రం చేయడం, ఊక బాయిలర్ వెలిగించడం, మిల్లు పైకప్పు రేకుల మీద పని. వీటిలో మీకు వర్తించే మూడింటిని మాత్రమే మొదట తీసుకోండి. ఆ మూడూ పనిచేస్తున్నాయని తేలిన తరువాతే నాలుగోది.

2. విధానపత్రం వేరు, చెక్‌లిస్టు వేరు

ఈ రెండింటినీ కలిపి ఒకే కాగితం మీద రాయడం వల్లే చాలా పత్రాలు పనికిరాకుండా పోతున్నాయి. విధానపత్రం నేర్చుకోవడానికి; అందులో పని మొదటి నుంచి చివరి వరకు ఏ వరుసలో, ఎందుకు అలా చేయాలో ఉంటుంది, నాలుగు పేజీలు ఉన్నా ఫరవాలేదు. చెక్‌లిస్టు పని మధ్యలో చేతిలో పట్టుకోవడానికి. అది పని తెలిసిన మనిషికి, హడావుడిలో మరిచిపోయే అవకాశం ఉన్నవాటిని, మరిచిపోతే ప్రాణం తీసేవాటిని మాత్రమే గుర్తు చేస్తుంది.

పని తెలియని మనిషి చేతికి చెక్‌లిస్టు ఇచ్చి పంపకూడదు. అతనికి కావలసింది శిక్షణ, ఆ శిక్షణకు ఆధారం విధానపత్రం.

3. పనిని కళ్లతో చూసి విడదీయండి

ఆఫీసులో కూర్చుని రాయవద్దు. ఎంచుకున్న పనిని కనీసం రెండు సార్లు చూడండి, వీలైతే అందులో ఒకటి రాత్రి షిఫ్టులో. పని చెప్పే తీరుకూ చేసే తీరుకూ మధ్య ఉన్న దూరంలోనే ప్రమాదం ఉంటుంది.

ఒక ఉదాహరణ. జామ్ అయిన ఎలివేటర్‌ను ఎలా శుభ్రం చేస్తారని అడిగితే ప్రతి మిల్లులోనూ "మెయిన్ కట్టేసి బూటు తెరుస్తామండి" అంటారు. నిలబడి చూస్తే, దగ్గరలోని స్టాప్ బటన్ మాత్రమే నొక్కి, కింది తలుపు తీసి చేతితో ధాన్యం లాగే చోట్లు కనిపిస్తాయి. మెయిన్ ప్యానెల్ మరో గదిలో ఉంటుంది, అక్కడికి వెళ్లి రావడానికి సమయం పడుతుంది, లారీ బయట వేచి ఉంటుంది. పై అంతస్తులో ఉన్న మనిషికి కింద ఎవరో చెయ్యి పెట్టారని తెలియదు. "మెయిన్ ఆపాలి" అన్న వాక్యం ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ పరిస్థితి మారదు. ఎలివేటర్ పక్కనే తాళం వేయగలిగే ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) బిగిస్తే మారుతుంది.

చూసేటప్పుడు ప్రతి అడుగుకూ నాలుగు విషయాలు రాసుకోండి: ఏమి చేస్తున్నారు, ఇక్కడ ఏమి తప్పవచ్చు, ఆ తప్పును ఇప్పుడు ఏది ఆపుతోంది, ఆ బాధ్యత ఎవరిది. మూడో గడిలో "జాగ్రత్త" అని తప్ప మరేమీ రాయలేకపోతే ఆ అడుగును ఎర్ర సిరాతో గుర్తించండి.

కూర్చుని మాట్లాడేటప్పుడు ఆపరేటర్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఈ మధ్యే చేరిన కార్మికుడు ఒకరు, ఈ నలుగురూ ఉండాలి. మొదటి సమావేశంలో యజమాని గాని మేనేజర్ గాని లేకపోవడం మంచిదని నా అభిప్రాయం. దినకూలీకి వచ్చేవారు, హమాలీలు వారి ముందు "అవునండి, అలాగే చేస్తామండి" అని తప్ప మరో మాట చెప్పరు; మనకు కావలసింది ఆ మరో మాటే.

4. కాగితానికి ముందు, ప్రమాదాన్నే తీసేయగలమా చూడండి

చెక్‌లిస్టు బలహీనమైన రక్షణ. అది మనిషి జ్ఞాపకం మీద, ఓపిక మీద ఆధారపడుతుంది. అందుకే ఎర్ర సిరా పెట్టిన ప్రతి అడుగు దగ్గరా ఈ వరుసలో ప్రశ్నించుకోండి.

☐ ఆ పని అసలు చేయకుండా ఉండగలమా? ఉదాహరణకు, పంపును గుంట అడుగు నుంచి గట్టు మీదికి మార్చితే దిగవలసిన అవసరమే పోతుంది.
☐ యంత్రమే ఆపగలదా? బెల్టుకు గార్డు, తలుపు తెరిస్తే మోటారు ఆగే స్విచ్, చెయ్యి వదిలితే తనంతట మూసుకునే స్ప్రింగ్ వాల్వు, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైతే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ ఇలాంటివే.
☐ పై రెండూ సాధ్యం కానప్పుడు, లేదా అవి పెట్టిన తరువాత కూడా మిగిలిన ప్రమాదానికి, విధానపత్రం, చెక్‌లిస్టు.

గార్డు లేని బెల్టు పక్కన "బెల్టుకు దూరంగా ఉండవలెను" అని బోర్డు పెట్టి దానిని భద్రత అనుకోవడం కార్మికుడికి చేసే అన్యాయం.

5. విధానపత్రం రాసే వరుస

ఇది సూటిగా సాగే భాగం. మొదట పని పేరు, ఏ యంత్రం, ఏ వాల్వు నెంబర్లు. తరువాత ఎవరు చేయవచ్చు, ఎంతమంది ఉండాలి, ఎవరి అనుమతి కావాలి. తరువాత పనిముట్లు, రక్షణ సామగ్రి. తరువాత అడుగులు, ఒక్కో అడుగులో ఒక్కటే క్రియ. తరువాత, తప్పు జరిగితే ఏమి చేయాలి. చివరగా పత్రం సంచిక నెంబరు, తేదీ, మళ్లీ ఎప్పుడు చూడాలి.

రెండు విషయాలను మాత్రం ఎవరూ వదిలేయకూడదు. మొదటిది, కాగితం మీద "వాల్వు 4" అని ఉంటే గోడ దగ్గరి పైపు మీద కూడా అదే నెంబరు పెయింటుతో ఉండాలి. ఉప్పు గాలి తగిలే తీర ప్రాంతంలో రేకు ట్యాగులు తుప్పు పట్టి రాలిపోతాయి. స్టెయిన్‌లెస్ బిళ్లలు గాని గట్టి ప్లాస్టిక్ బిళ్లలు గాని వాడండి. రెండవది, కష్టమైన ప్రతి అడుగు పక్కన ఒక్క వాక్యంలో కారణం రాయండి. కారణం తెలిసిన మనిషి, పరిస్థితి మారినప్పుడు కూడా సరైన పని చేయగలుగుతాడు.

6. ఆగే చోటును నిర్ణయించి చెక్‌లిస్టు రాయండి

అడుగుల పట్టిక ముందు పెట్టుకుని, దేని తరువాత వెనక్కి రాలేమో ఆ గీత గీయండి. చెక్‌లిస్టు ఆ గీత మీద నిలబడాలి. చాలా పనులకు మూడు ఆగే చోట్లు సరిపోతాయి: మొదలుపెట్టక ముందు, వెనక్కి రాలేని అడుగుకు ముందు, యంత్రాన్ని తిరిగి నడపక ముందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం విడుదల చేసిన చెక్‌లిస్టు ఈ పద్ధతిలోనే ఉంది: మత్తు ఇవ్వక ముందు, కోత పెట్టక ముందు, రోగిని ఆపరేషన్ గది నుంచి తీసుకెళ్లక ముందు, మూడు చోట్లా కలిపి 19 అంశాలే. అంతటి పనికి 19 సరిపోయినప్పుడు మోటారు మార్చడానికి 60 గడుల ఫారం ఎందుకో ఆలోచించండి.

ఒక్కో ఆగే చోట అయిదు నుంచి తొమ్మిది గీతలకు (టిక్కు పెట్టే అంశాలకు) మించకూడదు. ప్రతి గీతా కింది పరీక్షకు నిలవాలి.

☐ కంటితో చూసి గాని, చేతితో తాకి గాని, మీటరు చదివి గాని తేల్చగలిగేదేనా?
☐ ఒక్క వస్తువు గురించే ఉందా? "మెయిన్, జనరేటర్ ఆపి తాళాలు వేశారా" అన్నది ఒక గీత కాదు, నాలుగు గీతలు.
☐ "జాగ్రత్తగా", "తగినంత", "అవసరమైతే", "సరిగ్గా" అన్న మాటలు లేవు కదా? "తగినంత సేపు ఆగాలి" అని రాసేవారు ఎన్ని నిమిషాలో తేల్చి ఆ అంకె రాయాలి.
☐ కొలత ఉన్నచోట టిక్కుకు బదులు అంకె రాసే ఖాళీ ఉందా? "పీడనం ____" అన్న ఖాళీ నింపాలంటే గేజి దగ్గరికి వెళ్లక తప్పదు.
☐ "కాదు" అన్న సమాధానం వస్తే ఏమి చేయాలో, ఎవరికి ఫోను చేయాలో అదే కాగితం మీద ఉందా?

చివరి అంశం అన్నిటికంటే ముఖ్యమైనది. పని ఆపే అధికారం ఎవరికి ఉందో రాయని చెక్‌లిస్టు అసంపూర్ణం. హెల్పరు అయినా సరే, "ఆపండి" అంటే పని ఆగుతుందని, ఆ కారణంతో ఎవరి కూలీ కోయబోమని కాగితం పైభాగంలోనే యజమాని సంతకంతో ఉండాలి.

7. పూర్తి నమూనా: అమ్మోనియా ప్లాంటులో ఆయిల్ తీయడం

ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ప్లాంట్లు అన్నిటిలోనూ జరిగే పని కాబట్టి దీనిని వివరంగా చూద్దాం. కంప్రెసర్ ఆయిల్ కొంత అమ్మోనియాతో పాటు ప్రయాణించి, ద్రవ అమ్మోనియా కంటే బరువైనది కావడం వల్ల పాత్రల అడుగున చేరుతుంది. దానిని అప్పుడప్పుడు బయటికి తీయాలి. చల్లబడిన ఆయిల్ చిక్కగా ఉండి డ్రైన్ వాల్వులో అడ్డుపడుతుంది. పని చేసే మనిషి వాల్వును ఇంకా తెరుస్తాడు. అడ్డు ఒక్కసారిగా తొలగి, ఆయిల్ వెనుక ఉన్న ద్రవ అమ్మోనియా ముఖం మీదికి చిమ్ముతుంది. అమ్మోనియా మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కాబట్టి అది చర్మాన్ని గడ్డకట్టిస్తూనే క్షారంగా కాలుస్తుంది.

కింది వరుస ప్రత్యేకమైన ఆయిల్ పాట్ (బయటికి తీసే ముందు ఆయిల్ చేరే చిన్న పాత్ర) ఉన్న ప్లాంటుకు వర్తిస్తుంది. పాట్ లేకుండా, పీడనంలో ఉన్న పాత్ర నుంచి నేరుగా తీసే ఏర్పాటు ఉన్నవారు ఈ పత్రాన్ని వాడవద్దు. ముందు రిఫ్రిజిరేషన్ ఇంజనీరు చేత పాట్, స్ప్రింగ్ వాల్వు పెట్టించాలి. ఈ ఖర్చు విషయంలో రాజీ పడకూడదని గట్టిగా చెబుతున్నాను.

విధానంలోని అడుగులు:

1) షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పి అనుమతి చీటీ తీసుకోండి. యంత్రాల గదిలో వెల్డింగు వంటి పనులు ఆపించి, పని లేనివారిని బయటికి పంపండి. గాలిలో 15 నుంచి 28 శాతం దాకా చేరిన అమ్మోనియా నిప్పు తగిలితే మండుతుంది.
2) ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి.
3) పాత్ర నుంచి పాట్‌లోకి వచ్చే ఆయిల్ వాల్వు మూయండి.
4) పాట్ నుంచి సక్షన్ లైనుకు (కంప్రెసర్ ఆవిరిని లాగే పైపుకు) వెళ్లే వెంట్ తెరిచి ఉంచండి. పాట్‌లోని అమ్మోనియా ఆవిరై వెళ్లిపోవాలి. పాట్ బయటి మంచు పూర్తిగా కరిగే వరకు ఆగండి.
5) వెంట్ మూసి గేజి చూడండి. పీడనం పెరుగుతూ ఉంటే లోపల ద్రవ అమ్మోనియా ఇంకా మిగిలి ఉంది. నాలుగో అడుగుకు తిరిగి వెళ్లండి.
6) డ్రైన్ స్టాప్ వాల్వు కొద్దిగా తెరిచి, స్ప్రింగ్ వాల్వును చేతితో పట్టుకుని ఆయిల్ తీయండి. స్ప్రింగ్ వాల్వును తీగతో గాని తాడుతో గాని కట్టి ఉంచడం నిషిద్ధం.
7) అడ్డుపడితే ఊచతో పొడవవద్దు. స్టాప్ వాల్వు మూసి, పాట్ వేడెక్కే వరకు ఆగండి.
8) పూర్తయ్యాక రెండు వాల్వులూ మూసి, డ్రైన్ చివర ప్లగ్గు బిగించండి.
9) ఎన్ని లీటర్లు వచ్చిందో కంప్రెసర్ లాగ్‌లో రాయండి. ముందు కంటే బాగా ఎక్కువ వస్తే కంప్రెసర్ చూపించుకోవాలి.
10) తీసిన ఆయిల్ డబ్బాను బయట గాలి ఆడే చోట ఉంచండి, దాని నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది.

ఇక్కడ వెనక్కి రాలేని అడుగు ఆరోది. అందువల్ల చెక్‌లిస్టు అయిదుకూ ఆరుకూ మధ్య నిలుస్తుంది.

☐ రెండో మనిషి: తలుపు దగ్గర, నన్ను చూస్తూ ఉన్నారు
☐ ముఖం మొత్తం కప్పే మాస్కు, అమ్మోనియాకు పనికొచ్చే ఆకుపచ్చ పట్టీ డబ్బాతో: వేసుకున్నాము
☐ డబ్బా గడువు తేదీ: ____
☐ గ్లౌజులు, ఏప్రాన్: వేసుకున్నాము
☐ నీళ్ల పైపు: తిప్పి చూశాము, నీరు వస్తోంది
☐ ఆయిల్ ఇన్‌లెట్ వాల్వు: మూసి ఉంది
☐ పాట్ మీద మంచు: లేదు
☐ వెంట్ మూసిన 10 నిమిషాల తరువాత గేజి: ____ (మొదటి రీడింగు: ____)
☐ స్ప్రింగ్ వాల్వు: వదలగానే మూసుకుంటోంది

ఒక్క గీత తప్పినా డ్రైన్ తెరవరాదు.

లీకైతే చేయవలసినది అదే కాగితం వెనుక ఉండాలి. గాలిలో 300 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 300 భాగాలు) దాటితే ప్రాణాపాయం వెంటనే ఉంటుంది. అక్కడ డబ్బా మాస్కు తప్పించుకోవడానికి తప్ప పని చేయడానికి పనికిరాదు, సిలిండరుతో గాలి ఇచ్చే పరికరం కావాలి. ఆవిరి మీద నీటి తుంపరలు కొట్టవచ్చు కాని నేల మీద నిలిచిన ద్రవ అమ్మోనియా మీద నీరు పోయకూడదు. పోస్తే అది మరింత వేగంగా ఆవిరవుతుంది. కంట్లో, ఒంటి మీద పడితే కనీసం 15 నిమిషాలు నీటితో కడగాలి. చర్మానికి అంటుకుని గడ్డకట్టిన బట్టను లాగకుండా ముందు నీటితో కరిగించాలి. ఫోను నెంబర్లు 101, 108.

లీకైనప్పుడు అందరూ చేరవలసిన చోటు విషయంలో మన తీరానికి ప్రత్యేకమైన మాట ఒకటి ఉంది. నర్సాపురం, అంతర్వేది, కాకినాడ వైపు పగలు సముద్రం నుంచి వీచే గాలి రాత్రికి నేల మీద నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. కాబట్టి ఒకే అసెంబ్లీ పాయింటు పెడితే ఏదో ఒక పూట అది సరిగ్గా వాయువు వచ్చే దారిలోనే ఉంటుంది. ఎదురెదురు దిక్కుల్లో రెండు చోట్లు పెట్టండి, గాలి దిక్కు చూపే సంచిని అందరికీ కనిపించే ఎత్తులో కట్టండి, దానికి రాత్రి లైటు వేయండి. పరుగెత్తవలసింది గాలికి అడ్డంగా.

8. చెరువులో ఏరియేటర్ మరమ్మతు

ఈ పనిలో ప్రమాదానికి మూలం తొందర. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ కనిష్ఠానికి చేరుతుంది, ఏరియేటర్ ఆగితే పంట మొత్తం పోతుందన్న భయం రైతును చీకట్లోనే నీటిలోకి దింపుతుంది. ఆ సమయంలో కాగితం చదవమంటే ఎవరూ చదవరు. కాబట్టి మొదటి రక్షణ, గట్టు మీద సిద్ధంగా ఉంచిన అదనపు ఏరియేటర్. అది నడుస్తుంటే పాడైనదానిని తెల్లవారిన తరువాత నెమ్మదిగా చూసుకోవచ్చు.

రెండో విషయం జనరేటర్. కరెంటు పోగానే తనంతట మొదలయ్యే జనరేటర్ ఉన్న చెరువుల దగ్గర, లైను మెయిన్ ఒక్కటే దించి నీటిలోకి దిగడం మృత్యువుతో సమానం.

నీటిలో కాలు పెట్టక ముందు:

☐ ఏరియేటర్ ఐసోలేటర్: దించి, తాళం వేసి ఉంది, తాళంచెవి దిగే మనిషి జేబులో ఉంది
☐ జనరేటర్: ఆటో నుంచి ఆఫ్‌కు మార్చి, తాళం వేసి ఉంది
☐ టెస్టర్: కరెంటు ఉన్న చోట పెట్టి చూశాము, పనిచేస్తోంది
☐ ఏరియేటర్ ఫేజులు మూడూ: కరెంటు లేదు
☐ టెస్టర్: మళ్లీ కరెంటు ఉన్న చోట చూశాము, పనిచేస్తోంది
☐ స్టార్టర్ బటన్: నొక్కి చూశాము, తిరగలేదు
☐ గట్టు మీద మనిషి: ఉన్నారు

టెస్టర్‌ను ముందూ వెనుకా పరీక్షించమనడం చాదస్తం అనిపించవచ్చు. పరీక్ష మధ్యలో టెస్టర్ పాడైతే "కరెంటు లేదు" అనే చూపిస్తుంది, అందుకే ఆ రెండు గీతలు. స్క్రూడ్రైవర్‌లో నియాన్ బల్బు ఉండే టెస్టర్‌ను ఈ పనికి నమ్మవద్దు. రెండు ప్రోబులున్న మీటరు వాడండి.

ఇద్దరు దిగితే రెండు తాళాలు. ఎవరి తాళం వారే తీయాలి, మరొకరు తీయకూడదు.

9. ట్యాంకులు, గుంటలు, బిన్నులు

బావిలోకి దిగే ముందు దీపం దించి చూడటం మన ఊళ్లలో పాత అలవాటు. దీపం ఆరకపోతే కొంత ఆక్సిజన్ ఉందని మాత్రమే అర్థం. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందో లేదో అది చెప్పదు, మీథేన్ ఉంటే మంట అంటుకుంటుంది. వాసన మీద కూడా ఆధారపడవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్ది మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది కాని, 100 పీపీఎం దగ్గర ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. రొయ్యల తలలు, పొట్టు కుళ్లే వ్యర్థజలాల ట్యాంకులో ఈ వాయువు పుట్టడం సహజం, బురదను కదిలించినప్పుడు ఒక్కసారిగా పైకి వస్తుంది.

నాలుగు వాయువుల మీటరు తాడుతో దించి పైన, మధ్యలో, అడుగున చదవాలి. దిగక ముందు చెక్‌లిస్టు:

☐ లోనికి వచ్చే పైపులు, అడుగున ఉన్న కన్వేయరు, పంపు: ఆపి, తాళం వేసి ఉన్నాయి
☐ ఆక్సిజన్: ____ శాతం (19.5 నుంచి 23.5 మధ్య)
☐ మండే వాయువు: ____ (పేలుడు కనిష్ఠ హద్దులో 10 శాతం లోపు)
☐ హైడ్రోజన్ సల్ఫైడ్: ____ పీపీఎం (10 లోపు)
☐ బ్లోయరు: నడుస్తోంది, గొట్టం అడుగు వరకు ఉంది
☐ నడుముకు బెల్టు, తాడు, పైన లాగే ముక్కాలి: కట్టి ఉన్నాయి
☐ లోపలి లైటు: 24 వోల్టులకు మించనిది (1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెట్టిన హద్దు ఇదే)
☐ పైన కాపలా మనిషి: ఉన్నారు, ఏ కారణంతోనూ దిగరు

చివరి గీతను బిగ్గరగా చదివించండి. అమెరికాలోని నియోష్ సంస్థ 1986లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం ఇలాంటి ఇరుకు చోట్లలో చనిపోయినవారిలో 60 శాతానికి పైగా, పడిపోయినవారిని కాపాడబోయి దిగినవారే. అన్న పడిపోతే తమ్ముడు ఆగడు. అందువల్ల కాపలాకు రక్తసంబంధీకులను పెట్టకూడదని మీ విధానపత్రంలో రాయండి. ధాన్యం బిన్ను విషయంలో వాయువు కంటే పెద్ద ప్రమాదం కూరుకుపోవడం. అడుగున కన్వేయరు నడుస్తుండగా పైన కాలు పెట్టిన మనిషిని ధాన్యం క్షణాల్లో లోపలికి లాగేస్తుంది.

10. వాడకానికి ముందు పరీక్షించండి

రాసినవారు కాకుండా మరొకరి చేత, యంత్రం ఆగి ఉన్నప్పుడు, చెక్‌లిస్టు చేతిలో పెట్టి నడిపించి చూడండి. మీరు మాట్లాడకండి. అతను ఎక్కడ ఆగి వెతికితే అక్కడ వాక్యం బాగా లేదు. ఎక్కడ చూడకుండానే టిక్కు పెడితే ఆ గీత అనవసరమైనది, లేదా చూడటానికి వీలులేని చోట ఉంది. మాస్కు, గ్లౌజులు వేసుకుని రాత్రి వెలుతురులో అక్షరాలు చదవగలుగుతున్నారా అన్నదీ ఇప్పుడే తేలాలి. ఒక్కో ఆగే చోట రెండు నిమిషాలకు మించి పడితే గీతలు తగ్గించండి.

11. పని చోటులో నిలబెట్టడం

చెక్‌లిస్టును ఇద్దరు కలిసి నడపాలి: ఒకరు చదువుతారు, మరొకరు చూసి స్థితిని చెబుతారు. "ఇన్‌లెట్ వాల్వు?" అంటే "మూసి ఉందండి" అనాలి. "ఓకే" అన్న జవాబును అంగీకరించవద్దు. చదువు రానివారికి కూడా ఈ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే వారు చదవనక్కరలేదు, చూసి చెబితే చాలు.

ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చి పనిచేసేవారు ఉన్న చోట తెలుగు కాగితం ఒక్కటే సరిపోదు. ఒడియా, హిందీ ప్రతులు తయారు చేయించి, ఆ భాష మాట్లాడే కార్మికుడి చేత చదివించి, అర్థం తిరిగి చెప్పించుకోండి. వాల్వు, ఐసోలేటర్ ఫొటోలు మీ ప్లాంటువే పెట్టండి.

కాగితం తేమకు, రొయ్యల నీటికి రెండు రోజులు కూడా ఆగదు. లామినేట్ చేసి, తుడిచి మళ్లీ రాయగల పెన్సిలుతో యంత్రం పక్కనే వేలాడదీయండి. అంకెలు మాత్రం పుస్తకంలో రాయించండి.

12. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

పొద్దున్నే అన్ని గడులూ నింపి పెట్టడం. దీనికి మనిషిని తిట్టి ప్రయోజనం లేదు. ఫారం పొడవుగా ఉందా, ఆఫీసులో ఉంటోందా, నింపడానికి సమయం ఇస్తున్నారా అన్నది చూడండి. కొలతల ఖాళీలు పెట్టండి, పని జరిగే సమయంలోనే పక్కన నిలబడి చూడండి. నింపిన కాగితాలు లెక్కపెట్టే సూపర్‌వైజరుకు నింపిన కాగితాలే దొరుకుతాయి.

పొరుగు ప్లాంటు పత్రం తెచ్చి పేరు మార్చడం. వాల్వుల వరుస వేరైతే అది ప్రాణాంతకం. నమూనాగా చూడవచ్చు, అడుగులు మాత్రం మీ యంత్రం దగ్గర నిలబడి రాసుకోవలసిందే. ఈ వ్యాసంలోని నమూనాలకు కూడా ఇది వర్తిస్తుంది.

ప్రతి ప్రమాదం తరువాత ఒక గీత చేర్చుతూ పోవడం. ఒకటి చేర్చినప్పుడు ఒకటి తీయగలమా అని అడగండి, లేదా ఆ గీత బదులు గార్డు పెట్టగలమా చూడండి.

"కాదు" అని వచ్చినా లోడు పోవాలని పని నడిపించడం. ఇది ఒక్కసారి జరిగితే చాలు, ఆ చెక్‌లిస్టును మళ్లీ ఎవరూ నమ్మరు. పని ఆపిన మనిషికి ఆ రోజే, అందరి ముందూ కృతజ్ఞత చెప్పండి.

13. ఎప్పుడు తిరగరాయాలి

☐ తృటిలో తప్పిన ప్రతి ప్రమాదం తరువాత, వారం లోపు
☐ యంత్రం, వాల్వు, వైరింగు మారిన రోజునే
☐ మిల్లులలో సార్వా ధాన్యం రాకముందు, మళ్లీ దాళ్వా ధాన్యం రాకముందు
☐ సంక్రాంతి సెలవుల తరువాత కొత్తవారు చేరినప్పుడు, శిక్షణతో పాటు
☐ అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలానికి ముందు జనరేటరు, నీట మునిగే ప్యానెళ్లకు సంబంధించిన పత్రాలన్నీ

కొత్త ప్రతి వేలాడదీసిన రోజునే పాత ప్రతులన్నీ ఏరి చింపేయాలి. స్టార్టరు పెట్టె తలుపు లోపల అంటించినది, ఫిట్టరు టూల్ బాక్సులోనిది, వాచ్‌మన్ గదిలోనిది, ఫోనులో ఫొటో తీసుకున్నది కూడా ఇందులోకి వస్తాయి. అందుకోసం ఏ ప్రతి ఎక్కడ ఉందో ఒక చిన్న పట్టిక సంచిక నెంబరుతో రాసి, విధానపత్రం మొదటి పేజీ వెనుక అంటించి ఉంచండి.